మచ్చికైన లొట్టిపిట

గవ్వలకోటను ఏలే ఉద్దండరాయుడికి ఉన్నట్టుండి ఒంటె మీద ఊరేగాలని బుద్ధి పుట్టింది. రాజుల బుద్ధి కదా, పుట్టాక ఆగదు.

వెంటనే ఒక ఒంటెను కొనిపించాడు. దాన్ని మచ్చిక చేసే పని గుర్రపుశాల ఓబులప్పకి అప్పగించాడు. నెల తిరక్కుండానే ఓబులప్ప వచ్చి, "లొట్టిపిట బాగా మచ్చికైంది సామీ" అని చేతులు కట్టుకుని చెప్పాడు. లొట్టిపిటంటే ఒంటే.

ఇంకేం! రాజు కిరీటం పెట్టుకుని, డోళ్లూ బాకాలూ వెంటబెట్టుకుని బయల్దేరాడు. కూర్చున్న ఒంటె మీదికి ఎక్కాడు. అది లేచింది. లేస్తూనే ఒక్క విదిలింపు విదిలించింది. రాజు వెళ్లి గడ్డివాములో తలకిందులుగా పడ్డాడు. కిరీటం చాలాసేపు వెతికాక పేడలో దొరికింది.

మర్నాడు సభలో రాజు నడుం పట్టుకునే సింహాసనం మీద కూర్చున్నాడు.

"మచ్చికైందన్నాడు! ఇదేనా మచ్చిక? అసలా మాటకి అర్థమేమిటో ఎవరైనా చెప్పండయ్యా!"

ఆస్థాన పండితుడు పేరుభట్టు లేచాడు. మాటలకి అర్థాలు చెప్పడమంటే ఆయనకి ప్రాణం. వినేవాళ్లకే ప్రాణం మీదికి వస్తుంది.

"మహాప్రభూ! మచ్చిక అంటే భయం. కర్ర చూస్తే వణకాలి, అదీ మచ్చిక. ఈ ఓబులప్ప అసలు కర్రే పట్టలేదట! రోజూ చేత్తో బెల్లం తినిపించాడట! కనక వీడు చెప్పింది పచ్చి అబద్ధం. వీణ్ణి కోట దాటించి, ఒంటెను మా బావమరిదికి అప్పగించండి. కర్ర తిప్పడంలో వాణ్ణి మించినవాడు లేడు."

ఓబులప్ప ముఖం పాలిపోయింది. పాపం, ముగ్గురు పిల్లలవాడు. ఈ కొలువు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"అబద్ధం కాదు సామీ. నేను పిలిస్తే వస్తాది" అని గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు.

అడపం లింగన్న మాత్రం విన్నాడు. అడపం అంటే రాజుగారి తాంబూలప్పెట్టె. అది పట్టుకుని సింహాసనం పక్కన నిలబడి, అడకత్తెరతో వక్కలు కత్తిరించి, ఆకులు చుట్టి రాజుకి అందించడం అతని పని. చేతులెంత చురుకో నోరూ అంతే చురుకు.

"ప్రభూ, ఎనిమిది రోజులు గడువివ్వండి. మచ్చికంటే ఏమిటో ఈ సభలోనే చూపిస్తాను."

"ఆకులు చుట్టేవాడికి అర్థాలు కావలసివచ్చాయి!" అని పేరుభట్టు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సరే" అన్నాడు రాజు. "చూపలేకపోయావో, ఓబులప్పతో పాటు నువ్వూ కోట దాటాల్సిందే."

సభ ముగిశాక వసారాలో కూర్చుని తాళపత్రాలు తిరగెయ్యడం పేరుభట్టుకి అలవాటు. మొదటిరోజు లింగన్న ఆ వసారా చివర నిలబడి, అడకత్తెరతో టక్ టక్ మంటూ వక్క కత్తిరించాడు. పచ్చకర్పూరం వేసిన కిళ్లీ ఒకటి పళ్లెంలో పెట్టి తన దారిన తను వెళ్లిపోయాడు.

"అడపంవాడి ఆకు నేను ముట్టనే ముట్టను" అన్నాడు పండితుడు. అని, అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చటుక్కున నోట్లో వేసుకున్నాడు.

రెండోరోజు మళ్లీ అదే టక్ టక్, పళ్లెం మాత్రం పండితుడి వైపు ఒక స్తంభం జరిగింది. మూడోరోజు ఇంకో స్తంభం. నాలుగోరోజు పళ్లెం పక్కనే లింగన్న కూర్చున్నాడు. అయిదోరోజు పండితుడు అతని చేతిలోంచే అందుకున్నాడు. ఆరోరోజు కాస్త ఆలస్యమయ్యేసరికి, "ఏరా, ఇంకా రాలేదేం?" అని తనే వసారాలోంచి తొంగి చూశాడు. ఏడోరోజు పండితుడి రెండు చేతుల్లోనూ తాళపత్రాలున్నాయి. టక్ టక్ వినబడగానే తలెత్తకుండా నోరు తెరిచాడు. లింగన్న నోట్లో పెట్టాడు.

ఎనిమిదోరోజు సభ కిటకిటలాడింది. పేరుభట్టు రెండు చేతులనిండా తాళపత్రాలతో వచ్చాడు. ఓబులప్ప ఒక మూల దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంటున్నాడు.

"ఏదిరా నీ మచ్చిక?" అన్నాడు రాజు.

లింగన్న కిళ్లీ చుట్టి రాజు చేతికిచ్చాడు. "దీన్ని తమ చేత్తో పండితులవారి నోటికి అందించండి ప్రభూ."

రాజు ఆశ్చర్యపోతూనే దిగి వెళ్లి, కిళ్లీ పండితుడి మూతి దగ్గర పెట్టాడు. పేరుభట్టు అదిరిపడి మూడడుగులు వెనక్కి వేశాడు. "అయ్యయ్యో! తమరేమిటి, నాకు తినిపించడమేమిటి!" అని పళ్లు బిగించేశాడు.

"తినడం లేదు కదయ్యా!" అన్నాడు రాజు లింగన్నతో.

"పోనివ్వండి ప్రభూ. ఆ అర్థమేదో వారినే చెప్పనిద్దాం" అంటూ లింగన్న కిళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

రాజు వెళ్లి కూర్చున్నాడు. పండితుడు తేరుకుని, తాళపత్రాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. "మచ్చిక యనగా భయము. కర్ర లేని మచ్చిక ఈ ముల్లోకములలో..."

టక్ టక్.

"...ఆఁ!"

నోరు బావిలా తెరుచుకుంది. కళ్లు కూడా మూతపడ్డాయి. లింగన్న కిళ్లీ పెట్టాడు, పండితుడు నమిలాడు. నాలుగుసార్లు నమిలాక, సభ ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటా అని కళ్లు తెరిచాడు.

"మహారాజా, వారం కిందట వీరు నా ముఖం కూడా చూసేవారు కారు. నేను కర్ర పట్టలేదు, తాడు కట్టలేదు. ఇప్పుడు మిమ్మల్ని చూసి వెనక్కి జరిగారు, నాకు నోరు తెరిచారు. మచ్చికంటే ఇదే. ఎవరు చేసుకుంటే వారికే అవుతుంది. ఒంటె ఓబులప్పకి మచ్చికే. మీరు దానికి ఒక్క బెల్లంముక్కైనా పెట్టారా?"

రాజు తల గోక్కున్నాడు. కిరీటం అడ్డొచ్చింది. "లేదు. అయితే నాకూ మచ్చిక కావాలంటే ఎనిమిది రోజులు పడుతుందా?"

"అన్ని అక్కర్లేదు ప్రభూ, ఒంటెకి పాండిత్యం లేదు కదా!"

సభ గొల్లుమంది. రాజు నడుం నొప్పి మరిచిపోయి పడీపడీ నవ్వాడు. ఓబులప్పను ఒంటెశాలకు అధికారిని చేశాడు. ఓబులప్పకి కళ్లనీళ్లు ఆగలేదు. రాజు తన మెళ్లోని ముత్యాలహారం తీసి లింగన్న మెళ్లో వేశాడు.

పేరుభట్టు పనే అడకత్తెరలో పోకచెక్కయింది. ఉమ్ముదామంటే నిండు సభ, మాట్లాడదామంటే నిండు నోరు. చెయ్యి ఊపుతూ "బూ బూ" అని ఏదో ఖండించబోయాడు.

"కంగారేం లేదు పండితా" అన్నాడు రాజు నవ్వు ఆపుకోలేక. "నమిలేసి చెప్పండి."