కట్టు మీద కట్టు

ప్రిస్కిల్లకు పుళ్లంటే భయం. కుష్టు రోగుల ఆశ్రమానికి పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు పుళ్లంటే భయమైతే ఏం చేస్తుంది? ప్రార్థన చేసింది.

బాగా చేసేది కూడా. ఆదాముతో ఎత్తుకుంటే మన కాలానికి వచ్చేసరికి రోగుల గంజి చల్లారిపోయేది. కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి, మంచానికి రెండు బారల దూరంలో నిలబడి చేసేది. మందు వాడుతున్నవాళ్ల నుంచి జబ్బు అంటదని పుస్తకంలో చదివింది. చదివిందంతా తలలోనే ఉండిపోయింది, చేతుల్లోకి దిగలేదు.

కిటికీ పక్క మంచం గురప్పది. అతని పాదానికి రోజూ కట్టు విప్పి, పుండు కడిగి, కొత్త కట్టు కట్టాలి. ఆ పని ప్రిస్కిల్లకు అప్పజెప్పి మూడు రోజులైంది. మూడు రోజులూ ఆమె పాత కట్టు విప్పనే లేదు. దాని మీదే కొత్త గుడ్డ చుట్టేసింది. పైకి చూస్తే తెల్లగా, ముచ్చటగా ఉంది.

నాలుగో రోజు పొద్దున ఆ మంచం దగ్గర వాసన మొదలైంది.

కాలు తీసెయ్యాల్సి వస్తేనో? ప్రిస్కిల్ల పై ప్రాణాలు పైనే పోయాయి. దెబోరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ముప్పై ఏళ్లుగా అక్కడ పుళ్లు కడుగుతున్న పెద్ద నర్సు ఆవిడ. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పేదీ ఆవిడే.

"అమ్మగారూ, కట్ల పని ఇంకెవరికైనా ఇవ్వండి. నన్ను ప్రార్థనకే ఉంచండి. దేవుడు నాకిచ్చిన వరం అదే."

"అలాగా! ఆయన చెప్పాడా, నువ్వే అనేసుకున్నావా?"

దెబోరమ్మ నీళ్ల బేసినూ కత్తెరా పట్టుకుని కిటికీ వైపు నడిచింది.

మంచం దగ్గర ఆగింది. వాసన తెలిసింది. దిండంత లావైన కట్టు వైపు చూసింది. వెనకే వచ్చిన ప్రిస్కిల్ల తల దించుకుంది. ఇప్పుడు తిడుతుంది. ఇప్పుడే బయటికి పొమ్మంటుంది.

"గురప్పా, ఈ పిల్ల కోసం ప్రార్థన చెయ్యి."

"నేనా సిస్టరమ్మా? అంత గొప్పగా చేసే పాపకి నేనేం చేస్తాను!"

"నీకొచ్చిందే చాలు. తల మీద చెయ్యి వేసి కానివ్వు."

ప్రిస్కిల్ల మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"బరువుండదులే పాపా, వేళ్లు లేవుగా," అన్నాడు గురప్ప.

మొద్దులాంటి అరచెయ్యి నడినెత్తిన ఆనింది. వెచ్చగా ఉంది.

"తండ్రీ, ఈ పాప భయపడిపోతోంది. మూడు రోజుల నుంచి కట్టు మీద కట్టు చుడుతోంది. చూస్తూనే ఉన్నాను. అడిగితే ఏడుస్తుందని ఊరుకున్నాను. నా కాలికి ఎప్పుడో స్పర్శ పోయింది, నొప్పి తెలీదు. నొప్పంతా ఈ పాపకే. అది తీసెయ్యి. ఆమేన్."

ప్రిస్కిల్ల కళ్లు తెరిచింది.

దెబోరమ్మ ఆమె చేతిలో కత్తెర పెట్టింది.

పై గుడ్డ తెగింది. దాని కింద రెండోది. దాని కింద మూడోది. అన్నీ తను చుట్టినవే. ఆ కిందది గోధుమరంగుకు తిరిగి, పుండుకు అంటుకుపోయింది. ప్రిస్కిల్ల దాన్ని నీళ్లతో తడిపింది. కత్తెర మొన దగ్గరికి పోయింది.

"అమ్మగారూ, చేతులు వణుకుతున్నాయి."

"వణకనీ. కత్తెర మటుకు ఆపకు."