బజారమ్మ తొలి పదును

మా వైపు గట్టు మఠంలో మహానందయ్య అయ్యవారని ఒక పెద్దాయన ఉండేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని చెప్పేవారు. బావిలో నాలుగు బిందెలు తోడమనో, ఫలానా ఇంటికి పోయి జల్లెడ అడిగి తెమ్మనో. ఆ పని చేసి వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరికి జల్లెడ మాత్రమే దొరికేది.

ఆయన దగ్గర రెండేళ్ళుగా ఉన్న శిష్యుడు పరమేశు ఒక సాయంత్రం ఇలాగే ఒక ప్రశ్న అడిగాడు. పరమేశు కిరాణా కొట్టు వాళ్ళ పిల్లాడు. దేన్నయినా తూకం వేసి చూడందే ఒప్పుకునే మనసు కాదు. అతని ప్రశ్నకు కారణం ఉంది. ఆ ఎండాకాలం మొదట్లో ఏదో సంస్థవాళ్ళు మా ఊరికి వచ్చి, భూమి తక్కువ ఉన్న ఇళ్ళు, బొత్తిగా లేని ఇళ్ళు తిరిగి చూసి, ఒక్కో ఇంటి ఆడమనిషి పేరున బ్యాంకులో డబ్బు వేసి పోయారు. దేనికి వాడుకోవాలో చెప్పలేదు. తిరిగి ఇమ్మనలేదు. ఊరికి అది పెద్ద వింత. టీ హోటలు దగ్గర మూడు నెలలుగా అదే మాట. "ఇంకేముందప్పా, ఈ యేడు కూలికి పిలవాలంటే మనమే చేతులు కట్టుకొని నిలబడాల" అని ఒకరంటే, "పిలిస్తే వస్తారా, ఆ డబ్బులయిపోయేదాకా మంచం దిగరు" అని ఇంకొకరు.

పరమేశు ఆ మాటలు విని విని వచ్చి అడిగాడు.

"అయ్యా, కష్టపడకుండా చేతికొచ్చిన డబ్బు మనిషిని చెడగొట్టదా? ఏం చేసుకుంటారో అడక్కుండా ఇచ్చేయడం దానమా, తప్పా?"

అయ్యవారు అప్పుడు అరుగు మీద కూర్చుని పడమటి వైపు చూస్తున్నారు. మృగశిర కార్తె మొదలై రెండు రోజులు. గట్టు వెనకనుంచి మబ్బు లేస్తోంది. నల్లగా, నిండుగా, ఎవరో ఆకాశానికి కాటుక పెట్టినట్టు లేస్తోంది. మొదటి చినుకు ముందు వచ్చే ఆ చల్లగాలిలో నిలబడితే ఎవరికైనా ఏ ప్రశ్నా గుర్తుండదు. పరమేశుకు మాత్రం గుర్తుంది.

"వానొస్తోంది" అన్నారు అయ్యవారు. "తెల్లవారుతూనే పోయి బజారమ్మను విత్తనానికి పిలుచుకు రా."

బజారమ్మ పేరు చెప్పకుండా మా ఊళ్ళో వేరుశెనగ విత్తడం గురించి మాట్లాడలేం. ముందు ఎద్దులతో విత్తనపు గొర్రు తోలుతుంటే, వెనకే నడుస్తూ దాని గొట్టాల్లోకి చేత్తో గింజలు వదలాలి. ఎక్కువ పడితే విత్తనం దండగ, తక్కువ పడితే చేను దండగ. బజారమ్మ వేళ్ళలోంచి గింజలు పూసలు గుచ్చినట్టు పడతాయి. మొలక చూసి ఇది బజారమ్మ విత్తిన చేను అని దారిన పోయేవాళ్ళు చెప్పగలరు. అందుకే మొదటి వాన పడిన మర్నాడు ఆమె మఠం చేనుకు వస్తుంది. తర్వాత రెండు మూడు రోజులు పెద్ద రైతుల చేలకు. పదమూడేళ్ళుగా అదే వరస. ఆమె కోడలై వచ్చిన మొదటి యేడు ఎవరో పిలుచుకు వచ్చారు, అదే ఆనవాయితీ అయింది.

మా ఎర్రనేలకు ఓపిక లేదు. వాన పడ్డాక రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు తడి నిలుస్తుంది. మట్టి పిడికిట్లో పట్టి నొక్కితే ఉండ కట్టాలి. దాన్ని పదును అంటాం. ఆ పదునులో గింజ పడితేనే పంట. తప్పిపోతే ఇంకో వాన కోసం చూస్తూ కూర్చోవాలి. ఆ వాన ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం వాన బాగా కురిసింది. తెల్లవారి పరమేశు చెప్పులు చేత పట్టుకుని, బురద తొక్కుతూ బజారమ్మ ఇంటికి పోయాడు. లోకమంతా కడిగి ఆరేసినట్టుంది. వేపచెట్ల మీంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి.

బజారమ్మ గుడిసె ముందు ఒక కొత్త నీలం డ్రమ్ము కనిపించింది. నీళ్ళకో ఏమో, డబ్బులు ఇందులోకి పోయాయి కాబోలు అనుకున్నాడు పరమేశు. బజారమ్మ దాని పక్కనే కూర్చుని, మూత తీసి, బుట్టలోకి చేటతో ఏదో తోడుతోంది. చూస్తే వేరుశెనగ విత్తనాలు. ఒలిచి, ఏరి, పుచ్చులు తీసేసిన గింజలు. ఒక్కొక్కటీ గులాబీరంగు ముత్యంలా ఉంది.

"అక్కా, మఠం చేనికి రావాల. అయ్యవారు పిలుచుకు రమ్మన్నారు."

బజారమ్మ లేచి నిలబడింది. కొంగు సరిచేసుకుంది. చేట ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఈ పొద్దు రాను సామీ."

"ఒళ్ళు బాగాలేదా?"

"బాగుంది. మా చేనికి పోతాండా."

మఠం నుంచి పిలుపు వస్తే కాదన్నవాళ్ళను పరమేశు ఇంతవరకు చూడలేదు.

"మీ చేను ఎల్లుండి వేసుకోవచ్చు కదక్కా. ఎప్పుడూ ఆఖరునే కదా వేసుకునేది."

"ఎప్పుడూ ఎందుకు ఆఖరున వేస్తాండామో తెలుసునా సామీ? గింజలుండవు. విత్తనానికని దాచినవి ఎండాకాలంలో అమ్ముకొని తినేటోళ్ళం. మీ చేన్లో, వాళ్ళ చేన్లో కూలి చేసి, ఆ డబ్బుతో గింజలు కొని, ఎద్దుల బాడిగ కట్టేసరికి నేల పెంకులాగ అయితాండె. ఈ యేడు ఆ బ్యాంకు డబ్బుండె, గింజలు అమ్మలే. ఎద్దుల బాడిగ ముందే ఇచ్చినాం. మా ఆయన వాటికోసమే పోయినాడు."

"అయినా అది దేవుడి చేనక్కా. దేవుడికి ముందు వేసి తర్వాత మనకు వేసుకోవాల."

బజారమ్మ తల దించుకుంది. ఆమెకు భయంగానే ఉందని ఆ నిలబడిన తీరులోనే తెలిసిందని పరమేశు తర్వాత నాకు చెప్పాడు. కానీ ఆమె చేట మాత్రం కింద పెట్టలేదు.

"మబ్బులు దేవుడి చేతిలోనే ఉండాయి సామీ. ఆయన కావాలంటే ఇంకో వాన పిలుచుకుంటాడు. నేను ఎవర్ని పిలుచుకోవాల?" అంది మెల్లగా. "మా చేను మూడెకరాలు, రెండు దినాలు. మూడోనాడు తప్పకుండా వస్తానని చెప్పు. అయ్యవారిని కోపగించుకోవద్దని చెప్పు."

పరమేశు వచ్చినంత దూరమూ గొణుక్కుంటూ తిరిగి పోయాడు. అయ్యవారు మఠం చేను గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆ నల్లగా తడిసిన ఎర్రమట్టి మీద లేత ఎండ పడుతోంది.

"చూశారా అయ్యా. డబ్బొచ్చింది, మర్యాద పోయింది. పిలిస్తే రానంది."

"మంచం దిగలేదా?"

"దిగింది. వాళ్ళ చేనికి పోతుందంట."

అయ్యవారు కండువా భుజాన వేసుకున్నారు. "పద, మనమూ పోదాం" అని ముందు నడిచారు.

బజారమ్మ చేను వాగు పక్కన, ఊరికి దూరంగా ఉంది. వీళ్ళు పోయేసరికి ఆమె భర్త ఉరుకుందు బాడిగ ఎద్దుల్ని గొర్రుకు కట్టి, మేడి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బజారమ్మ గొర్రు వెనక ఒడినిండా గింజలతో నిలబడి ఉంది. నిలబడే ఉంది. ఎద్దులు రెండడుగులు వేసి ఆగాయి. ఆమె చెయ్యి ఒడిలోంచి బయటికి రాలేదు.

ఉరుకుందు వెనక్కి తిరిగి చూశాడు. "ఏమే, కూలి మాట్లాడుకోలేదని నిలబడినావా?"

"నీ కూలి ఎవరిక్కావాల్లే, నువ్వు ఎద్దుల్ని సక్కంగా తోలు" అంది కానీ ఆమె కదల్లేదు. కాలి వేళ్ళతో మట్టిని నొక్కి చూస్తోంది. వంగి ఒక పిడికెడు తీసింది. నొక్కి, వేళ్ళు విప్పింది. ఉండ చెదరలేదు. దాన్ని అట్లా అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే అయ్యవారిని చూసి గాభరాపడింది. "అయ్యా, మీరెందుకొస్తిరి? నేను మూడోనాడు..."

"నువ్వు విత్తుతుంటే చూద్దామని వచ్చినాం. ఎందుకు నిలిచిపోయినావమ్మా?"

బజారమ్మ సిగ్గుపడింది. "ఏం లేదయ్యా. ఊళ్ళో అందరి చేలూ తడి మీద తెలుసు నాకు. ఏ చేన్లో నీళ్ళు నిలుస్తాయో, ఏ మూల గట్టిగుంటాదో కండ్లు మూసుకొని చెప్తా. మా చేను తడిగా ఉంటే ఎట్లుంటాదో ఇదే మొదలు చూసేది. ఇంత మెత్తగుంటాదని తెల్లేదు."

ఉరుకుందు ముఖం ఎద్దుల వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆమె చెయ్యి కదిలింది. గింజలు గొట్టాల్లో టపటపమని రాలాయి. ఎద్దులు నడిచాయి, గొర్రు నడిచింది, ఆమె నడిచింది. ఆ నడక పరమేశు నాకు చెప్పినప్పుడు, అతనికి మాటలు చాలక చేత్తో గాలిలో గీత గీసి చూపించాడు. ఆ గీత చూస్తే నాకు ఆ చేను చూసినట్టే అయింది.

ఆ పూట అందరూ పెద్ద చేలకు పోవడంతో వాళ్ళకు సాయం మనిషి దొరకలేదు. అయ్యవారు పరమేశు వైపు చూశారు. కాసేపటికి పరమేశు పంచె ఎగ్గట్టి, గట్టు మీది బుట్టలోంచి గింజలు తెచ్చి బజారమ్మ ఒడి నింపుతున్నాడు. పైకి తేలిన గింజల మీద కాలితో మట్టి కప్పుతున్నాడు. మొదట అతని అడుగులు అడ్డదిడ్డంగా పడ్డాయి.

"సామీ, గింజను కప్పమంటే పాతిపెడతాండావే. అది చావలేదు" అంది బజారమ్మ. ఉరుకుందు ఎద్దులతో సహా ఆగి నవ్వాడు.

అయ్యవారు ఇంకో చివర గట్టు మీద కూర్చుని, విత్తిన సాళ్ళ మీదికి దిగే కాకుల్ని కండువా ఊపి తోలారు. బజారమ్మ రెండుసార్లు వద్దంది. మూడోసారి ఆ మూల కాకులు ఎక్కువ ఉన్నాయి, అటు చూడమంది.

మధ్యాహ్నం నలుగురూ వాగు ఒడ్డున కూర్చున్నారు. బజారమ్మ జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ చట్నీ పెట్టింది. ఉరుకుందు పరమేశును చూస్తూ, "సామికి కూలి ఎంతియ్యాలో ముందే అడగకపోతిమి. మఠపోళ్ళ కూలి ఎక్కువుంటాదేమో" అన్నాడు. పరమేశు కూడా నవ్వాడు. ఆ రొట్టెంత రుచి తనకు ఎక్కడా తగల్లేదని ఇప్పటికీ అంటాడు.

సాయంత్రం మఠానికి నడుస్తుంటే అతనికి మళ్ళీ తూకం గుర్తుకొచ్చింది.

"ఇన్నేళ్ళూ మనం ఊరికే పిలిపించుకోలేదు కదయ్యా. కూలి ఇచ్చాం."

"ఇచ్చాం" అన్నారు అయ్యవారు. "పదునున్న రోజుకైనా, లేని రోజుకైనా అదే కూలి."

మర్నాడు కూడా ఇద్దరూ అక్కడికే పోయారు. ఆ రెండు రోజులూ పడమటి గాలి వేడిగా వీచింది. రెండో రోజు పొద్దు వాలే వేళకు బజారమ్మ ఆఖరి సాలు ముగించి, ఒడిలో మిగిలిన నాలుగు గింజల్ని చేను మూలలో తన చేత్తో గుచ్చింది. మూడోనాడు చెప్పిన మాట ప్రకారం తెల్లవారకముందే మఠం చేనుకు వచ్చి నిలబడింది. వంగి పిడికెడు మట్టి తీసి నొక్కింది. వేళ్ళు విప్పితే మట్టి పొడిపొడిగా జారిపోయింది. ఆమె ముఖం చిన్నబోయింది.

"పదును పోయిందయ్యా. నావల్లనే ఇట్లాయె."

"పోతే పోనీలేమ్మా. ఇంకో వానకు రా. అప్పటికి నీ చేన్లో మొలకలొచ్చి ఉంటాయి, ముందు అవి చూసుకొని రా."

ఆమె దండం పెట్టి వెళ్ళిపోయింది. కొంచెం దూరం పోయాక నడక మార్చి, వాగు వైపు దారి పట్టింది. మూడు రోజులకే మొలకలు రావని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా అటే పోయింది.

పరమేశు ఎండిన చేను వంక చూశాడు. తర్వాత, "అయ్యా, నా ప్రశ్నకు జవాబు తెలిసినట్టే ఉంది. ఆ డబ్బు ఇచ్చినవాళ్ళు పుణ్యాత్ములు, అంతే కదా?" అన్నాడు.

అయ్యవారు వంగి తానూ ఒక పిడికెడు మట్టి తీశారు. అది వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంటే చూస్తూ అన్నారు.

"ఇచ్చినవాళ్ళను నేను చూడలేదు పరమేశూ. ఇన్నేళ్ళుగా ఆమె తొలి పదును తీసుకున్నవాళ్ళను మాత్రం మొన్న పొద్దున మన చేను గట్టు మీదే చూసినా."