'అవును' తప్ప రాని ఊరు

బుట్టలల్లే ఈ సింగన్న నోరు విప్పితే సింహాసనాలు పక్కకి జరిగే కాలం అది. నమ్మకపోతే మీ ఇష్టం.

రత్నాలకోట రాజు చంద్రభూపాలుడు ఇంటింటికీ బియ్యం, కోకలు ఉచితంగా పంచేవాడు. బడి కూడా ఉచితమే. అందులో ఒక్కటే పాఠం: ఎత్తున నిలబడి ఎవరేం అడిగినా "అవును" అనాలి. "రెండో పాఠం ఎప్పుడు చెబుతారండీ?" అని అడిగిన పాపానికి నన్ను ఉరికంబం ఎక్కించారు. ఊళ్లో అంతకన్నా ఎత్తైన చోటు లేదు.

మిట్టమధ్యాహ్నం. కింద పదివేల మంది. ఒక్కరూ రెప్ప వాల్చడం లేదు. ఎక్కడా పిట్ట కూడా అరవడం లేదు.

"వీణ్ణి ఉరి తీద్దామా?" అన్నాడు పక్కనే నిలబడ్డ రాజు.

"అవును."

పదివేల నోళ్లు, ఒకటే గొంతు. అందులో మా ఆవిడ గొంతు కూడా ఉంది!

"ఆఖరి కోరిక ప్రభూ, నేనూ ఓ మాట అడుగుతాను," అని జనం వైపు తిరిగాను. "ఈ సింగన్నని వదిలేద్దామా?"

"అవును."

రాజు ముఖం పాలిపోయింది.

"మరి ఈ రాజుగారిని..." అన్నానో లేదో, ఆయన ఒక్క ఉదుటున వచ్చి తన చేత్తోనే నా నోరు మూశాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఉరితాడు తానే విప్పి, చెవిలో గొణిగాడు. "నీకు పుణ్యముంటుంది సింగన్నా, వీళ్లకి 'కాదు' అనడం నేర్పవయ్యా."

"నేర్పుతాను ప్రభూ. కానీ నేను నేర్పితే అది కూడా అందరూ ఒకేసారి అంటారు కదా?"

కింద పదివేల మంది, రెప్ప వాల్చకుండా, "అవును" అన్నారు.