వద్దన్న గుమ్మం

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మనం ఉంటున్న ఈ దేశంలో పొద్దున్నే జోలె తగిలించుకుని గుమ్మం ముందు నిలబడే స్వాములు లేరు. అందుకని చెప్పే సందర్భం రాలేదు. నేను విన్నంతే చెబుతాను. తెలియనిది కలపను.

ఆదోని వైపు ఒక చిన్న మఠం. దానికి పెద్ద నాగలింగస్వామి. ఆయన శిష్యుడు రేవణయ్య. మఠంలో మోకాళ్ల నొప్పులకు తైలం కాచి, కావాలన్నవాళ్లకు పార్సిల్‌లో పంపేవాళ్లు. మఠం దాని మీదే నడిచేది. కొన్నవాళ్లతో ఈమెయిల్ వ్యవహారమంతా రేవణయ్యదే.

ఒకసారి తైలం మాడింది. ఎవరూ గమనించలేదు. సీసాలు వెళ్లిపోయాయి. బళ్లారి నుంచి ఒకాయన ఫోన్ చేసి, రాసుకున్న చోటల్లా బొబ్బలెక్కాయని చెప్పాడు. ఆ సీసాలు కొన్న అందరికీ రేవణయ్య వెంటనే ఈమెయిల్ పంపాడు, ఆ తైలం వాడవద్దని.

దాదాపు అన్నీ వెనక్కి వచ్చాయి. పెద్ద పెద్ద ఈమెయిల్ కంపెనీలేవీ మఠం నుంచి వచ్చే ఉత్తరాన్ని తీసుకోవడం లేదు.

మర్నాడు భిక్షకు బయల్దేరేటప్పటికి అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. స్వామి కూడా చెప్పులు వేసుకున్నారు. "దారిలో చెప్పు" అన్నారు.

"నాకింక చేతగాదు సామీ. ఉత్తరం మనదేనని తెలిపే గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు చూసినా. అయినా తీసుకోరు. మీ ఉత్తరాలు మాకొద్దని చాలామంది చెప్పినారు, అని తిప్పి పంపుతాండారు."

"ఏ ఉత్తరాలు?"

"రోజూ మీ మాట ఒకటి పంపుతా గదా. తైలం కొన్న ప్రతి ఒక్కరికీ."

"వాళ్లు అడిగినారా?"

"మంచిమాటను అడిగితేనే చెప్పాలా సామీ?"

స్వామికీ మోకాళ్ల నొప్పి ఉండేది. మెల్లగా నడుస్తున్నారు.

"వద్దని నాకు కూడా కొందరు రాసినారు" అన్నాడు రేవణయ్య. "చదవంగ చదవంగ వాళ్లే మారతారులే అనుకున్నా. నిన్న ఆ హెచ్చరికనే ఇంకో పేరు పెట్టి, వేరే అడ్రసు నుంచి పంపి చూసినా. మొదట కొన్ని పోయినాయి. ఆమీద దాన్నీ ఆపేసినారు."

ఆ మఠంలో భిక్షకు ఒక పద్ధతి ఉంది. గుమ్మం ముందు ఒక్కసారి చేతిగంట కొట్టాలి. ఆవు పాలు పితికేంతసేపు నిలబడాలి. ఎవరూ రాకపోతే ముందుకు సాగాలి. రెండోసారి కొట్టకూడదు. వద్దన్న ఇంటి ముందు, వాళ్లంతట వాళ్లు పిలిచేదాకా గంట మోగకూడదు.

వీధి నడిమధ్యలో ఒక నీలం తలుపు ఇల్లు. స్వామి దాని ముందు ఆగారు.

"కొట్టు" అన్నారు.

రేవణయ్య ఆయన ముఖంలోకి చూశాడు. "ఈ ఇంట్లో వద్దన్నారు గదా సామీ. ఇంటాయన చనిపోయినప్పుడు ఆ తల్లి చేతులు జోడించి చెప్పింది, ఇంక రావద్దని."

"గుర్తుందా?"

"అదెట్లా మరిచిపోతా?"

"అయితే శాలువా మార్చుకో. నాది ఇస్తా. ఆ పక్కసందులోంచి వచ్చి కొట్టు."

"ఎటు నుంచి వచ్చినా గుమ్మం అదే గదా సామీ" అన్నాడు రేవణయ్య.

అని, అక్కడే ఆగిపోయాడు.

ఎదురింటి బసమ్మ రొట్టెలు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. "ఏం సామీ, గురువూ శిష్యుడూ మూసిన తలుపును చూసుకుంటా నిలబడినారు? తెరిచిన తలుపు మీ కంటికి ఆనదా? రొట్టె సల్లారిపోతాంది."

"వస్తున్నామమ్మా" అన్నారు స్వామి.

రేవణయ్య ఆ వీధి చివరిదాకా ఆగలేదు. మఠానికి పరుగున వెళ్లి, రోజూ పంపే మాటను ఆపేశాడు. పార్సిళ్ల మీద రాసే ఫోన్ నంబర్ల కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. స్వామి మెల్లగా వచ్చి పక్కన కూలబడి, తన ఫోను కూడా తీశారు.

"ఇంతమందికి ఒక్కొక్కరికీ చెప్పాలంటే ఎప్పటికి అయ్యేను సామీ?"

"రోజూ పంపేటప్పుడు ఇంతమంది అనిపించలేదా?"

ఇద్దరూ మొదలుపెట్టారు. కొందరు విసుక్కున్నారు. కొందరు, మీరు ఎవరు, అని అడిగారు. గుత్తిలో ఒకావిడ మాత్రం చివరిదాకా విన్నది.

"మీ దగ్గర నుంచి రోజూ ఏదో ఒకటి వస్తుండేది" అంది. "చూడకుండానే తీసేస్తుండేదాన్ని. ఇదీ వచ్చినా తీసేసేదాన్నేమో. మా అమ్మకు స్నానం చేయించి, పూద్దామని ఇప్పుడే మూత తీసినాను."

రేవణయ్య ఫోను కింద పెట్టాడు. స్వామి తర్వాతి నంబరు మీద వేలు పెట్టి, కాగితాన్ని అతని ముందుకు జరిపారు.

మర్నాడు భిక్షకు ఇద్దరూ అదే వీధిన వెళ్లారు. నీలం తలుపు దగ్గరికి వచ్చేసరికి రేవణయ్య, నడకకు కూడా మోగకుండా, గంట నాలుకను వేళ్లతో పట్టుకున్నాడు. ఆ ఇల్లు దాటాక వదిలాడు.

పిల్లలూ, కథ ఇంతే. మీ తర్వాత వాళ్లకు ఇది చెప్పండి. వాళ్లు అడిగినప్పుడు చెప్పండి. ఒక్కసారి చెబితే చాలు.