అర్జీలో ఆఖరి వరుస

వెట్టికి రానన్నాడని ముత్తయ్యను కోట కొట్లో పడేశారు. అతని పెళ్లాం సింగమ్మ అర్జీ తెచ్చినప్పుడల్లా దివాను ఆఖరి వరుస చూసి విసిరికొట్టేవాడు.

"'యువర్ ఒబీడియెంట్ సర్వెంట్' అని సరిగ్గా రాయించడం చేతకాదుటే? తప్పుల అర్జీ నేను చదవను!"

మొగుడి మీద బెంగతో చిక్కిపోయిన సింగమ్మ ఈసారి ఆ వరుస ఖాళీగా ఉంచి తెచ్చింది.

"బాబుగారూ, ఒప్పు ఎలా ఉంటుందో ఇక్కడే మీ చేత్తో రాసి చూపండి."

నిండు కచేరీలో దివాను దర్జాగా రాశాడు.

"ఇదే నా అర్జీ. ఇప్పుడు తప్పెక్కడుందో చెప్పండి!"

తన రాతను తానే తప్పనలేక, అందరి ముందూ తోసిపుచ్చడానికి వేరే సాకు దొరక్క, దివాను పళ్లు నూరుతూ విడుదలకు సంతకం పెట్టాడు.

దారిలో ముత్తయ్య అడిగాడు: "అర్జీలో ఏం రాయించావే?"

"నువ్వు లేని ఇంట్లో ముద్ద దిగడం లేదని. ఆ ముక్క ఒక్కడూ చదవలేదు మావా!"