కళాయి పోయిన గుండిగ

మొదలుపెట్టే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మధ్య నాకు సంగతులు గుర్తుంటున్నాయి గానీ వాటి వరస నిలవడం లేదు. ముందు జరిగింది వెనక్కి పోతున్నది, వెనకది ముందుకు వస్తున్నది. ఇందులో ఎక్కడైనా వరస తప్పితే చదివేవారు మన్నించాలి. మాటలు మాత్రం తప్పవు. అవి నేను దగ్గరుండి విన్నవి.

మా గురువు చిదంబరయ్యగారు ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. "ఉండు నాయనా, ఎదురవుతుంది" అనేవారు. కొందరికి నెలకు ఎదురయ్యేది. కొందరికి ఎప్పటికీ ఎదురయ్యేది కాదు, వాళ్ళు విసుగొచ్చి వేరే గురువును వెతుక్కునేవారు. గుండ్లకమ్మ ఏటి ఒడ్డున, అందరూ స్వామి అని పిలిచే వారి గురువుగారి సమాధి, పక్కన రెండు గదులు, వెనక ఒక వంటపాక. మా ఆశ్రమం అంతే. ఏటా మాఘమాసంలో సమాధి దగ్గర ఆరాధన జరిగేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మూడు వందల మంది దాకా వచ్చి భోంచేసి వెళ్ళేవారు.

ఆరాధన పనులు మాలకొండయ్య అనే శిష్యుడు చూసేవాడు. బడిపంతులుగా చేసి పదవీ విరమణ చేసిన మనిషి. కష్టపడేవాడు, కాదనను. తెల్లవారకముందే లేచి సమాధి కడిగి ముగ్గు తనే వేసేవాడు. కానీ ఎవరికెంత భక్తి ఉందో కొలవడానికి ఒక బద్ద పట్టుకుని తిరిగేవాడు. దాన్ని ఎప్పుడూ ఎదుటివాళ్ళ పక్కనే నిలబెట్టేవాడు.

వంట అంకమ్మది. పది పదిహేను ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ దినాలకూ వండి బతికే మనిషి. ఆ చెయ్యి తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. దేవుడు లేడని పైకే అనేది. పోట్లాటకు అనేది కాదు, ఇంట్లో కరివేపాకు అయిపోయిందన్నట్టు అనేది. మొదటి ఏడు వండడానికి వచ్చినప్పుడే గురువుగారితో ఆ సంగతి చెప్పింది. "అన్నం ఉడుకుతుందా?" అని అడిగారట ఆయన. "ఉడుకుతుంది" అందట. "అయితే రా" అన్నారట.

ఆరాధన ఇంకా పదిహేను రోజులుంది. ఆడవాళ్ళం అరుగు మీద బియ్యం ఏరుతున్నాం. గురువుగారు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. మాలకొండయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, నాదొక సందేహం. దేవుడు లేడనేవాళ్ళు, తమది తప్పేమోనని భయపడాలా, వద్దా? ఆయన లేకపోతే మనకు పోయేదేమీ లేదు. ఉంటే మాత్రం వాళ్ళకు మిగిలేదేమీ లేదు. ఆపాటి ఇంగితం ఉండొద్దా మనిషికి?"

అడిగింది గురువుగారిని. చూసింది అంకమ్మ వైపు.

"నన్నే అడగరాదా మాలకొండయ్యగారూ? మధ్యలో అయ్యగారెందుకు?" అంది అంకమ్మ, చేటలోంచి తల ఎత్తకుండా.

"పేరేమో అమ్మవారిది పెట్టుకున్నావు. నోరు తెరిస్తే దేవుడు లేడంటావు."

"పేరు మా నాయనమ్మ పెట్టింది. నన్నడిగి పెట్టలేదు."

"రేపు పైకి పోయినాక నూనెలో వేయిస్తారు చూడు, అప్పుడు తెలుస్తుంది."

"ఎంత నూనె పొయ్యాలో నన్నడిగి పోసుకోమనండి. ఇన్ని ఊళ్ళ దేవుళ్ళకు వండాను, ఉప్పు తక్కువైందని ఒక్కడూ అనలేదు. అనేది తినేవాళ్ళే."

మేమంతా నవ్వాం. గురువుగారూ నవ్వారు. ఆ నవ్వుకే మాలకొండయ్యకు కాలిందని నా నమ్మకం. గురువుగారు మామూలుగానే "ఉండు నాయనా, ఎదురవుతుంది" అని లేచిపోయారు.

ఆ రోజో మర్నాడో, కొట్టుగదిలోంచి వంటసామాను బయటికి తీశాం. పులుసు కాచే పెద్ద ఇత్తడి గుండిగ ఒకటి ఉండేది, ఇద్దరు మనుషులు ఎత్తాలి. అంకమ్మ తల లోపలికి పెట్టి చూసి మాలకొండయ్యను పిలిచింది. ఇత్తడి గిన్నెల్లో పులుపు వండాలంటే లోపల కళాయి ఉండాలి, అంటే తగరం పూత. అది అరిగిపోతే పులుపు తగిలి ఇత్తడికి చిలుమెక్కుతుంది. తిన్నవాళ్ళు కక్కి కక్కి పడిపోతారు. స్టీలు గిన్నెలు వచ్చాక పుట్టినవాళ్ళకు ఇది తెలియదు గానీ, మా రోజుల్లో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

"కళాయి పోయిందయ్యా. ఇత్తడి బయటపడింది. కళాయి పోసేవాణ్ణి పిలిపించండి."

"స్వామి పేరు చెక్కిన గుండిగ అది" అన్నాడు మాలకొండయ్య. "పాతికేళ్ళ నుంచి దాంట్లోనే కాస్తున్నాం. ఎవరికేమైంది? ఆయన చూసుకుంటాడు."

అంకమ్మ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పింది. ఆయన గుండిగను బయటివైపు చింతపండు పెట్టి తోమించాడు. బంగారంలా మెరిసింది. మూడుచోట్ల పసుపు రాసి బొట్లు పెట్టించాడు. లోపలికి ఎవరూ చూడలేదు.

ఆ ఏడు ఇంకో కొత్త పద్ధతి పెట్టాడు. అంతకు ముందు నైవేద్యానికి విడిగా చిన్న గిన్నెలో వండేవారు. ఈసారి గుండిగలో ఉన్నదంతా నైవేద్యమేనన్నాడు. నివేదన అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు, వాసన కూడా పట్టకూడదు. పులుసు తమ ఊరి భక్తులిద్దరు కాస్తారు, అంకమ్మ అన్నం పప్పు చూసుకుంటే చాలు. అది కూడా ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని. పసుపు గుడ్డ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మిగతా ఆడవాళ్ళం ఆరుగురం ఉన్నాం. మాకెవరికీ గుడ్డ ఇవ్వలేదు.

"మీ పొయ్యి, మీ ఇష్టం" అని కట్టుకుంది అంకమ్మ. గుడ్డ పైన ఆమె కళ్ళు నేను చూశాను.

ఆరాధన రోజున పులుసు తెల్లవారేసరికే దింపి, మూత పెట్టి, నివేదన వేళ దాకా గుండిగలోనే ఉంచారు. మధ్యాహ్నం కావస్తుండగా విస్తళ్ళు పరిచారు. మొదటి బంతిలో పిల్లలూ ముసలివాళ్ళూ కూర్చున్నారు. నైవేద్యం తీయడానికి మూత ఎత్తారు. అన్నం తట్ట మోసుకుపోతున్న అంకమ్మ ఆగింది. పులుసు అంచున గుండిగ చుట్టూ సన్నగా పచ్చటి గీత. తట్ట దించింది. గుడ్డ మెడలోకి లాగేసింది. గరిటెతో కాస్త అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించి, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"చిలుము. ఇది ఎవరికీ వడ్డించొద్దు."

మాలకొండయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఎంగిలి చేశావే! స్వామి నైవేద్యాన్ని ఎంగిలి చేశావే!"

"ఎంగిలి సంగతి తర్వాత చూద్దాం. చిలుమంటున్నాను."

"నోరు ముయ్యి!"

ఆయన చేసిన పని చెబుతాను. పసుపు నీళ్ళు తెప్పించి గుండిగ చుట్టూ చల్లాడు. పిడికెడు తులసి దళాలు పులుసులో వేశాడు. "దోషం పోయింది, బకెట్లలో నింపండి" అన్నాడు వడ్డించేవాళ్ళతో. ఇన్నేళ్ళయినా నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎంగిలికి విరుగుడు ఆయనకు తెలుసు. చిలుము మాట ఆయన చెవిలో పడనే లేదు. బయట పసిపిల్లలు విస్తళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటున్నారు.

"పిల్లా, ఆ కడియం పట్టు" అంది అంకమ్మ నాతో.

పట్టుకున్నాను. నాకు అప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఒంట్లో బలం ఉంది, భయం కూడా ఉంది. ఇద్దరం గుండిగను పాక వెనక వాలు వైపు ఒరగదోశాం. పులుసంతా బురదలోకి పోయింది. గుమ్మడికాయ ముక్కలు నేల మీద పడి ఉన్నాయి. బంతిలోంచి జనం లేచి వచ్చారు.

మాలకొండయ్య చెయ్యెత్తాడు. కొట్టలేదు. కొట్టినా అంత బాధ ఉండేది కాదు. "దేవుడి నోటిదగ్గర కూడు నేలపాలు చేసినదానివి. ఇక ఏ ఊళ్ళోనూ నిన్ను పొయ్యి దగ్గరికి రానివ్వను. ఎట్లా బతుకుతావో చూస్తా" అన్నాడు. ఆయన మాటకు ఆ ఊళ్ళన్నిటిలో విలువుంది. అందరికీ తెలుసు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న అంకమ్మ మొహం అప్పుడు పాలిపోయింది.

గురువుగారు వచ్చారు. ఆయన గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు, ఆ రోజూ పెంచలేదు.

"అయ్యా, నా ప్రశ్నకు ఇవాళ జవాబు చెప్పండి" అన్నాడు మాలకొండయ్య. "ఇట్లాంటి మనిషి భయపడాలా, వద్దా?"

గురువుగారు ఆ మాట విననట్టే గుండిగ దగ్గరికి పోయారు. అడుగున కాస్త పులుసు మిగిలి ఉంది. గ్లాసుతో ముంచారు. గుండిగకు అంటుకున్న తులసి ఆకు ఒకటి తీసి అందులో వేసి, మాలకొండయ్య ముందుకు చాపారు.

"తాగు."

మాలకొండయ్య బిత్తరపోయాడు.

"తులసి వేశావు గదా. దోషం పోయిందన్నావు గదా. స్వామి చూసుకుంటాడన్నావు గదా. తాగు."

గ్లాసు అందుకున్నాడు. నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

"తాగవేం?"

"చిలుమెక్కిందంట గదా అయ్యా..."

"ఎవరన్నారు?"

మాలకొండయ్య గ్లాసులోకి చూశాడు.

"ఎవరన్నారు మాలకొండయ్యా?"

"అంకమ్మ."

"మూడు వందల నోళ్ళకు స్వామిని నమ్మావు. నీ ఒక్క నోటి దగ్గరికి వచ్చేసరికి అంకమ్మను నమ్మావు" అన్నారు గురువుగారు. "ఊఁ, తాగు."

ఇంకా వదల్లేదాయన. మాలకొండయ్య గ్లాసు మళ్ళీ నోటిదాకా ఎత్తాడు. అంకమ్మ వచ్చి దాన్ని లాక్కుని బురదలో పారబోసింది.

"చాల్లెండి అయ్యగారూ! మీ కోపానికి ఈయన తాగితే, కక్కింది ఎత్తిపోసేది మేము. ఆకుల ముందు పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే మీకు పాఠాలు కావాల్సొచ్చినయ్యా?"

గురువుగారిని ఎవరూ అట్లా అనగా మేము వినలేదు. ఆయన తల వంచుకున్నారు. "నిజమే తల్లీ. ఏం చేద్దాం?"

"కొత్త కుండలు రెండున్నయ్యి. చింతపండుంది, బెల్లముంది. పచ్చిపులుసు పిసుకుతా. అరగంట ఆగమనండి."

అరగంట కాకముందే అయింది. నైవేద్యం గిన్నె అందుకోవడానికి గురువుగారే వచ్చి, అందరికీ వినపడేటట్టు అడిగారు: "రుచి చూశావా అమ్మా?"

ఆయన కూడా ఎత్తిపొడుస్తున్నారనుకుంది అంకమ్మ. కళ్ళెర్రజేసి చూసింది. "చూశాను. చూడకుండా ఎవరికీ పెట్టను."

"అయితే ఇవ్వు" అని ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుపోయి సమాధి ముందు నివేదన చేశారు. పది పన్నెండు మంది ఎంగిలి నైవేద్యమని లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు కాబట్టే అంకమ్మ ఏం చేసిందో ఎవరికీ కనపడలేదు. నలుగురు కక్కుకుని ఉంటే ఆమెను నమ్మేవాళ్ళు. మాలకొండయ్య అన్నంత పనీ చేశాడు. ఆరాధన చెడగొట్టిన మనిషని ఆమెను రెండేళ్ళు చాలా ఊళ్ళలో పిలవలేదు. ఆ రెండేళ్ళు ఆమె చేలల్లో మిరపకాయలు కోసింది. గురువుగారు తనను ఎవరు భోజనానికి పిలిచినా "వంట ఎవరిది?" అని అడిగేవారు, అంకమ్మది కాకపోతే వెళ్ళేవారు కాదు. అంతకంటే ఏమీ చేయలేదు. అది చాలదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తున్నది. గురువు గదా అని ఆ మాట దాచుకోను.

ఆ చివరి మాట ఆ సాయంత్రమే అన్నారో మర్నాడు అన్నారో నాకు తేలడం లేదు. మేము గుండిగను బూడిదతో తోముతున్నాం. మర్నాడే అయి ఉండాలి, కళాయి పోసేవాడు కొలిమి తిత్తి పెట్టుకుని పక్కన కూర్చుని ఉన్నాడు. మాలకొండయ్య మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. మొహం మాడిపోయి ఉంది, పట్టు మాత్రం వదల్లేదు.

"అయ్యా, నన్ను నలుగురిలో నిలబెట్టారు. సరే. కానీ నేనడిగినదానికి జవాబు చెప్పలేదు. తమది తప్పేమోనన్న భయం మనిషికి ఉండాలా, వద్దా?"

గురువుగారు గుండిగలోకి వంగి, అరిగిన చోట వేలితో రాసి చూసుకున్నారు.

"ఉండాలి నాయనా" అన్నారు. "నిన్న ఈ పాకలో అది, రుచి చూడకుండా పెట్టనన్న ఒక్కరికే ఉంది."

సుగుణా, మా చెల్లెలి కూతురివి, మీ అమ్మ నోట ఇవన్నీ విన్నదానివి. ఇందులో పేర్లు ఒకసారి సరిచూడమ్మా. మాలకొండయ్య పేరు అదో, వాళ్ళ అన్నదో నాకు అనుమానంగా ఉంది, తప్పైతే దిద్దు. అంకమ్మ పేరు చూడక్కర్లేదు.