కూత చోటు, నీళ్ల తొట్టి

దొడ్డి వెనకాల గడ్డివాము మీద పుంజులకి ఒక సంఘం ఉంది. పేరు తొలికూత సంఘం. రోజూ తెల్లవారుజామున వాము ఎక్కి, తూర్పుకి తిరిగి కూస్తాయి. తాము కూయకపోతే సూర్యుడు రాడని వాటి నమ్మకం. సూర్యుడు ఇంతవరకూ కాదనలేదు. సంఘానికి పెద్ద, డేగ అనే ఎర్రపుంజు. ఊరంత గొంతు, గింజంత ఓపిక.

అదే దొడ్డిలో సేతువ అనే తెల్లకోడి పెట్టల్లో పుట్టి పెట్టల్లోనే పెరిగింది. పోయిన వానల తర్వాత నెత్తిన తురాయి లేచింది, కాలికి ముల్లు మొలిచింది. ఒక పొద్దున్న గొంతు విప్పి కూసి, "నేను పుంజుని. నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, మీకే ఇప్పుడు తెలిసింది" అంది. ఆ పూట నుంచి దొడ్డంతా 'వాడు' అనే పిలుస్తోంది. బాతుకి మాత్రం అలవాటు కావడానికి కాస్త టైం పట్టింది. దానికి నోరు ఖాళీ ఉండదు.

సేతువ వాము దగ్గరికి వెళ్లాడు. "పెదనాన్నా, నేనూ మీతో కూస్తాను."

"కుదరదు. గుడ్డులోంచి పుంజుగా వచ్చినవాడికే వాము. మా తాతల నాటి నియమం."

"మీ తాతని సంతలో కొన్నారు కదా" అంది మేక, నములుతూ.

"నియమం నియమమే."

సేతువ చిన్నబుచ్చుకుని వచ్చేశాడు. డేగ అక్కడితో ఊరుకోలేదు. నీళ్ల తొట్టికి అడ్డంగా నిలబడి, "నియమం లేని కూత కూసిన ముక్కు ఈ నీళ్లలో పెట్టకూడదు" అన్నాడు. నడి ఎండాకాలం. వాగు ఎండిపోయింది. దొడ్డి మొత్తానికి అదొక్కటే తొట్టి. మర్నాటి పొద్దుటికి సేతువ రెక్కలు వేలాడేసి, నోరు తెరుచుకుని ఎద్దు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

ఎద్దు ఒక మాట అనేలోపు మనం భోంచేసి రావచ్చు. చివరికి అంది. "డేగా, వాము మీది. అక్కడ ఎవడు కూయాలో మీరే తేల్చుకోండి, మేం కలగజేసుకోం. తొట్టి మాత్రం నోరున్న ప్రతివాళ్లదీ."

డేగ చటుక్కున తొట్టి అంచు ఎక్కి కూశాడు. "ఇప్పుడు ఇదీ కూత చోటే. ఇక్కడా సంఘం మాటే."

పుంజులన్నీ రెక్కలు కొట్టాయి.

"అలాగే కానీ" అంది ఎద్దు. "కూత చోట మీ నియమాలేమిటి? తెలీక అడుగుతున్నాను."

డేగ రొమ్ము విరుచుకున్నాడు. "మొహం తూర్పుకి ఉండాలి. పోట్లాడకూడదు. గింజ గానీ చుక్క గానీ నోట్లో వేసుకోకూడదు. వేసుకున్నవాడు సంఘంలో ఉండడు."

"ఎవరికైనా మినహాయింపు?"

"నాకు కూడా లేదు."

"అయితే సంఘం వాళ్లెవరూ ఇక్కడ తాగరన్నమాట" అంది ఎద్దు. "సేతువ సంఘంలో లేడు. నువ్వే వద్దన్నావు. తాగు నాయనా."

సేతువ కడుపునిండా తాగాడు. పుంజులు తూర్పుకి తిరిగి నిలబడ్డాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. బాతు తొట్టిలో దిగి, అవసరం లేకపోయినా నీళ్లు చిందించింది.

"పెదనాన్నా," అన్నాడొక పుంజు, "ఇందాక నువ్వు కూసింది కూతేనా? నాకు దగ్గులా వినపడింది."

డేగ నీళ్లకేసి చూశాడు. "దగ్గే. గొంతులో గరగర."

"మరి ఇది ఏ చోటు?" అంది ఎద్దు.

"తొట్టి."

"ఎవరిది?"

"అందరిదీనయ్యా" అని డేగ సేతువ పక్కనే ముక్కు ముంచాడు.

"మరి వాము, మావయ్యా?" అన్నాడు సేతువ ఎద్దుతో.

"అది వాళ్లది. వాళ్లతో వాదించు, తప్పు లేదు. బలవంతంగా మాత్రం ఎక్కకు. బండి ఖాళీగానే ఉంది, నీ కూత నువ్వు కూసుకో."

మర్నాడు సేతువ బండి కాడి మీద నిలబడి కూశాడు. వాము మీద ఒక కుర్ర పుంజు మెడ చాచి విన్నాడు. డేగ వాడి తోక పొడిచాడు.

నీతి: మన పూజ దగ్గర మన నియమం చెల్లుతుంది, అందరి నీళ్ల దగ్గర అందరి హక్కూ చెల్లాలి.